ఇన్‌స్టంట్ పర్మిషన్ అంటే సంతకం మీదే చెల్లెమ్మా

ప్రశ్న: అన్నా నమస్తే. నేను గవర్నమెంట్ స్కూల్లో టీచర్‌ని, మా ఆయన దుబాయ్‌లో పనిచేస్తారు. తెలంగాణలో మాదొక చిన్న మున్సిపాలిటీ. 2017లో ఆయన పేరు మీద 180 గజాల ప్లాట్ కొన్నాం, 30 బై 54, లేఅవుట్‌కి అప్రూవల్ లేదు. 2020లో, ఇలాంటి అప్రూవల్ లేని ప్లాట్లను రెగ్యులర్ చేసే స్కీమ్ ఎల్ఆర్ఎస్‌కి వెయ్యి కట్టి అప్లై చేసి అక్కడితో వదిలేశాం. ఇప్పుడు కింద పైన రెండు ఫ్లోర్లు వేసుకుందామని అనుకుంటున్నాం. దస్తావేజులో 30 అడుగుల రోడ్డు అని ఉంది గానీ అక్కడ నిలబడి చూస్తే 22 కంటే లేదు. ప్లాన్ గీసే అతను 30 అనే రాసేద్దాం, ఇన్‌స్టంట్ అప్రూవల్ కదా ఎవరూ చూడరు అంటున్నాడు, ఆఫీసు ఖర్చులతో సహా అన్నీ కలిపి ఒకటే మొత్తం చెప్పాడు. మా మరిది అయితే ముహూర్తం దగ్గర పడింది, పర్మిషన్ ఎలాగూ పది నిమిషాల్లో వచ్చేదే కదా పునాదులు తవ్వేద్దాం వదినా అంటున్నాడు. ప్లాట్‌కి కొంచెం అవతల ఒక కుంట కూడా ఉంది, ఎండాకాలం ఎండిపోతది. నాకేమో భయంగా ఉంది. ఏం చేయమంటారు?

సమాధానం: చెల్లెమ్మా, మీకు భయం వేసింది కదా, అది సరైన చోటే వేసింది. మీ ఇంట్లో వాళ్లు, ఆ ప్లాన్ అతను అందరూ కలిసి ఇన్‌స్టంట్ అప్రూవల్ అనే దాన్ని ఆఫీసు వాళ్లు చూసి సరే అన్నట్టు అనుకుంటున్నారు. అది కాదండీ అది. 75 గజాలు దాటి 600 గజాల లోపు ప్లాట్, ఎత్తు 10 మీటర్ల లోపు ఉంటే ముందు ఎవరూ వచ్చి చూడరు, ఓనరు, ప్లాన్ మీద సంతకం పెట్టే టెక్నికల్ పర్సన్ ఇద్దరూ కలిసి "ఇందులో రాసినవన్నీ నిజం, రూల్స్ ప్రకారమే కడతాం" అని రాసిస్తే ఆ మాట మీద పర్మిషన్ కాగితం వస్తది. అంటే మున్సిపాలిటీ మీకు ఇచ్చేది మీరు వాళ్లకిచ్చిన హామీకి రసీదు లాంటిది. 2019 మున్సిపాలిటీల చట్టంలో, ఆ తర్వాత 2020లో ఇంటి పర్మిషన్ల కోసం వచ్చిన టీఎస్-బీపాస్ చట్టంలో పెట్టిన పద్ధతి ఇదే. పాత రోజుల్లో ఫైలు టేబుల్ మీద నెలలు పడి ఉండేది, ఇది దానికంటే చాలా మేలు, నేను ఈ ప్లాన్ల పనిలోనే ఉన్నా కాబట్టి మనస్ఫూర్తిగా చెప్తున్నా. కానీ ఆ మేలుకి బదులుగా బాధ్యత మొత్తం మన నెత్తిన పెట్టారు. కాగితం వచ్చాక పోస్ట్ వెరిఫికేషన్ అని టీమ్ వస్తది, తప్పు చెప్పి తీసుకున్నారని తేలితే 21 రోజుల్లో పర్మిషన్ రద్దు చేసే అధికారం ఉంది, హామీకి విరుద్ధంగా కట్టినదాన్ని నోటీసు కూడా ఇవ్వకుండా కూల్చొచ్చని చట్టంలోనే రాసుంది. "ఎవరూ చూడరు" అన్న మాట కాగితం వచ్చే ముందు రోజు వరకే నిజం.

ఇప్పుడు రోడ్డు సంగతి, మీ ఉత్తరంలో అసలు ముడి ఇదే. ఒక పని చేయండి, పెద్ద టేపు ఒకటి, తోడుగా ఇంకో మనిషిని తీసుకొని ప్లాట్ దగ్గరికి వెళ్లండి, మీ హద్దు రాయి నుంచి ఎదురింటి కాంపౌండ్ గోడ దాకా మూడు చోట్ల కొలవండి, ప్లాట్ రెండు మూలల దగ్గర ఒకటి ఒకటి, మధ్యలో ఒకటి. అలాగే రోడ్డు మొదలయ్యే చోట, అంటే మెయిన్ రోడ్డు నుంచి మీ వీధిలోకి తిరిగే దగ్గర కూడా కొలవండి, అక్కడ ఇంకా ఇరుకుగా ఉంటే ఆ సంగతి కూడా మీకు తెలిసి ఉండాలి. టేపు కనపడేలా ఫోన్లో ఫొటోలు తీసి పెట్టుకోండి. 22 అడుగులే అని తేలిందే అనుకుందాం. మన బిల్డింగ్ రూల్స్, అంటే 2012 ఏప్రిల్ 7న వచ్చిన జీవో 168, ఇళ్ల ముందు 9 మీటర్ల రోడ్డు, అంటే 30 అడుగులు ఉండాలని చూస్తది. తక్కువుంటే పర్మిషన్ రాదని కాదు, రోడ్డు మధ్య నుంచి మీ వైపు నాలుగున్నర మీటర్లు వదిలి అక్కడి నుంచి మీ ప్లాట్ మొదలైనట్టు లెక్కేసుకోవాలి.

లెక్క మీ ప్లాట్‌కే వేసి చూపిస్తా. నాలుగున్నర మీటర్లంటే 14 అడుగుల 9 అంగుళాలు. 22 అడుగుల రోడ్డులో సగం 11. అంటే మీ స్థలంలోంచి 3 అడుగుల 9 అంగుళాలు రోడ్డుకు పోతది, 30 అడుగుల వెడల్పు మీద అది పన్నెండున్నర గజాలు. మిగిలేది 167న్నర గజాలు, అంటే 140 చదరపు మీటర్లు. 100 నుంచి 200 చదరపు మీటర్ల మధ్య ప్లాట్‌కి చిన్న రోడ్డు మీద ముందు ఒకటిన్నర మీటరు, మిగతా మూడు వైపులా ఒక్కో మీటరు ఖాళీ జాగా, అదే సెట్‌బ్యాక్ వదలాలి. ఒకటిన్నర మీటరు అంటే 4 అడుగుల 11 అంగుళాలు, మీటరు అంటే 3 అడుగుల 3 అంగుళాల పైన ఇంకొంచెం. పక్కలు తీసేస్తే మీ ఇంటి వెడల్పు 23 అడుగుల 5 అంగుళాలు, లోతు 42 అడుగుల ఒక అంగుళం, ఒక్కో ఫ్లోరు సుమారు 985 చదరపు అడుగులు వస్తది. అదే 30 అడుగుల రోడ్డు అని అబద్ధం రాస్తే లోతు 45 అడుగుల 10 అంగుళాలు, ఫ్లోరు 1,073 దాకా వస్తది. తేడా 88 చదరపు అడుగులు, ఒక చిన్న రూము. ఆ చిన్న రూము కోసం మీ ఆయన సంతకంతో ఒక తప్పుడు సర్టిఫికెట్ ఇప్పిస్తానంటున్నాడు ఆ ప్లాన్ అతను. వద్దు. ఇద్దరు పిల్లలున్న ఇంటికి 985 అడుగుల్లో రెండు బెడ్రూములు, హాలు, వంటగది, పూజగది బాగా కుదురుతాయి, గీయడం తెలిసినవాడు గీస్తే.

రోడ్డుకు పోయే ఆ పన్నెండున్నర గజాలు మున్సిపాలిటీకి రాసివ్వాల్సి ఉంటది, దానికి పైసలు రావు. బాధగానే ఉంటది, కష్టపడి కొన్న జాగా, దుబాయ్‌లో చెమటోడ్చిన డబ్బు. కానీ ఎదుటివాళ్లు ముందుకు జరిగి కట్టుకున్నారు కాబట్టి మనం కూడా జరుగుదాం అనుకుంటూ పోబట్టే కదా ఆ వీధి 22 అడుగులకు వచ్చింది, రేపు మీ వీధిలోకి అంబులెన్సో ఫైరింజనో రావాలంటే ఆ అడుగులే కావాలి. ఇంకొక్క మాట, రోడ్డు మధ్య గీత ఎక్కడ అన్నది మీరు, మీ మరిది కలిసి తేల్చుకునేది కాదు, ఎదురు గోడ ఎంత ముందుకొచ్చిందో దాన్ని బట్టి మారుతది, అందుకని టౌన్ ప్లానింగ్ సెక్షన్‌లో ఒక కాగితం ఇచ్చి సైట్ మీద చూపించమనండి, ఇచ్చిన కాగితం మీద తేదీ స్టాంపు వేయించుకోండి. కంప్యూటర్ సిస్టమ్ మీరు అప్‌లోడ్ చేసిన డ్రాయింగ్‌లో సెట్‌బ్యాక్‌లు లెక్కేస్తది గానీ మీ వీధికి వచ్చి రోడ్డు కొలవదు, ఆ కొలత మనిషే చేయాలి.

మీ మరిది చెప్పే తవ్వకం గురించి. భూమి పూజ చేసుకోండి, కొబ్బరికాయ కొట్టండి, ఈశాన్యంలో నాలుగు పారలు మట్టి తీయండి, ముహూర్తం దాటనివ్వక్కర్లేదు. దానికెవరూ అడ్డు చెప్పరు. కానీ ఫుటింగ్ గుంతలు, జేసీబీ, ఇనుము దింపడం ఇవేవీ పర్మిషన్ కాగితం చేతిలో పడే దాకా వద్దు. మీ విషయంలో పర్మిషన్ పది నిమిషాల్లో వచ్చేది కాదు, ఎందుకంటే ముందు ఎల్ఆర్ఎస్ తేలాలి, మీ ఆయన సంతకం తేలాలి, రోడ్డు తేలాలి. అంతకంటే ముఖ్యంగా పునాది అనేది ఒకసారి పోస్తే జరపలేం. ఇప్పుడు 30 అడుగుల రోడ్డు లెక్కతో గుంతలు తీసి కాలమ్స్ లేపితే రేపు 3 అడుగుల 9 అంగుళాలు వెనక్కి జరగమంటే ఎక్కడికి జరుపుతారు? పర్మిషన్ లేకుండా కడితే ఆస్తి పన్ను మీద నూరు శాతం పెనాల్టీ కూడా ఉంటది, అంటే ఏటా డబుల్ కట్టడమే, అలా కడుతున్నంత మాత్రాన ఆ ఇల్లు రెగ్యులర్ అయినట్టు కూడా కాదు. మీ మరిది మంచికే చెప్తున్నాడు, ఇంటి మీద ఉత్సాహం అది, గట్టిగా గొడవ పెట్టుకోకండి, ఈ లెక్క కాగితం మీద వేసి చూపించండి చాలు.

ఎల్ఆర్ఎస్ దగ్గరికి వద్దాం. 2020 ఆగస్టు 26 లోపు రిజిస్టరైన ప్లాట్లకు ఆ స్కీమ్, మీది 2017 కాబట్టి సరిపోయింది, వెయ్యి కట్టి అప్లికేషన్ నంబర్ తెచ్చుకున్నారు కాబట్టి ఇంకా మంచిదైంది. అప్పట్లో అప్లై చేసి వదిలేసినవాళ్లు లక్షల్లో ఉన్నారు, మీరొక్కరే కాదు. 2025లో ఫీజు కడితే 25 శాతం రాయితీ అని గడువు పెట్టి, ఆ గడువు పొడిగించుకుంటూ కూడా వచ్చారు. ఇప్పుడు మీ అప్లికేషన్ నంబర్‌తో, అప్పుడిచ్చిన ఫోన్ నంబర్‌తో ఎల్ఆర్ఎస్ పోర్టల్‌లో స్టేటస్ చూడండి. ఆ ఫోన్ నంబర్ మారిపోయి ఉంటే ఓటీపీ రాదు, ముందు అది మార్పించుకోవాలి, చాలామంది ఇక్కడే ఆగిపోతారు. అందులో రెండు రకాల డబ్బు కనపడతది, ఒకటి రెగ్యులరైజేషన్ ఛార్జీ, రెండోది ఓపెన్ స్పేస్ ఛార్జీ, ఈ రెండోది ప్లాట్ విలువలో 14 శాతం. ఇది చూసి గుండె ఆగినంత పనవుతది. అసలు ఎందుకు కట్టాలంటే, పద్ధతిగా అప్రూవల్ తీసుకున్న లేఅవుట్‌లో పార్కుకీ అలాంటి వాటికీ పదో వంతు స్థలం వదిలిపెడతారు, మీకు అమ్మినవాడు అది వదలకుండా ఆ జాగాని కూడా ప్లాట్లు చేసి అమ్ముకున్నాడు, దాని భారం కొన్నవాళ్ల మీద పడింది. న్యాయంగా అమ్మినవాడి నుంచి వసూలు చేయాల్సిన డబ్బు ఇది, నా అభిప్రాయం ఎప్పుడూ అదే. అయినా మీ పని ఆగకూడదు కాబట్టి కట్టండి, కట్టి ప్రొసీడింగ్స్ కాపీ తీసుకోండి, రసీదు ఒక్కటే చాలదు, ప్లాట్ రెగ్యులర్ అయ్యిందని ఇచ్చే ఆ ప్రొసీడింగ్స్ కావాలి.

ఎల్ఆర్ఎస్ డబ్బు కట్టే ముందు ఒక చిన్న చెకింగ్ ఉంది, అది వదలకండి. మీ దస్తావేజులో ఉన్న సర్వే నంబర్ రిజిస్ట్రేషన్ చేయకూడని భూముల నిషేధిత జాబితాలో, అదే 22-ఏ లిస్టులో ఉందేమో చూడండి. ఇంతకుముందు ధరణిలో చూసేవాళ్లం, 2025 నుంచి భూభారతి. సర్వే నంబర్‌లో ఒక బై నంబర్ ప్రభుత్వానిదైతే కొన్నిసార్లు మొత్తం నంబర్‌ని లాక్ చేసి పెడతారు, మీ జాగాకి ఏ సంబంధం లేకున్నా ఇరుక్కుంటారు, అది తహసీల్దార్ ఆఫీసులో తేల్చుకోవాల్సిన పని. పనిలో పనిగా ఆ ప్లాట్ మీద జరిగిన రిజిస్ట్రేషన్లు చూపించే ఈసీ కూడా కొత్తది తీయించండి, 2017 నుంచి ఇవాళ్టి దాకా.

కుంట సంగతి మీరు ఒక్క లైనులో రాసి వదిలేశారు గానీ నాకు రోడ్డు తర్వాత ఇదే ఎక్కువ భయం. ఎండాకాలంలో నీళ్లు ఎక్కడ ఉన్నాయో అక్కడి నుంచి కొలవకూడదు. ఎఫ్‌టీఎల్ అంటారు, చెరువు పూర్తిగా నిండినప్పుడు నీళ్లు ఎక్కడిదాకా వస్తాయో ఆ గీత. ఆ గీత నుంచి 10 హెక్టార్లు, అంటే సుమారు 25 ఎకరాలు ఆపైన ఉన్న చెరువుకైతే 30 మీటర్లు, అంతకంటే చిన్న కుంటకైతే 9 మీటర్లు ఖాళీగా వదలాలి, వాగు పక్కనైతే 9, నాలా పక్కనైతే 2 మీటర్లు. మీ కుంట ఎండిపోతది కాబట్టి ఊళ్లో అందరూ అది కుంటే కాదంటారు, కానీ రికార్డులో శిఖం భూమి, అంటే చెరువు నీళ్లు నిలిచే భూమి అని ఉంటే అది కుంటే. మీ ప్లాట్ ఆ గీతకి ఎంత దూరమో ఇరిగేషన్ ఆఫీసులో మ్యాప్ చూపించమని అడగండి, దగ్గరగా ఉందనిపిస్తే అభ్యంతరం లేదని ఎన్ఓసీ రాయించుకోండి. ఒకవేళ ప్లాటే ఆ ఖాళీగా వదలాల్సిన జాగాలో, అదే బఫర్‌లో పడితే అప్పుడు ఇల్లు గురించి కాదు, డబ్బు ఇంకా తగలేయకుండా ఆగడం గురించి ఆలోచించాలి, ఆ మాట చెప్పడానికి నాకు ఇష్టం లేదు గానీ చెప్పకపోతే తప్పు. అందుకే ఎల్ఆర్ఎస్ ఫీజు కంటే ముందు ఇది, 22-ఏ రెండూ చూసుకోమంటున్నా.

మీ ఆయన సంతకం. ప్లాట్ ఆయన పేరు మీద ఉంది కాబట్టి హామీ ఇచ్చేది ఆయనే, మీరు ఆయన బదులు సంతకం పెట్టేస్తే కుదరదు, ఇళ్లల్లో భర్త సంతకం భార్య పెట్టేయడం మామూలే అనుకుంటారు గానీ ఇక్కడ వద్దు. ఆయన దుబాయ్‌లోని ఇండియన్ కాన్సులేట్‌లో మీ పేరు మీద పవర్ ఆఫ్ అటార్నీ చేసి అటెస్ట్ చేయించి పంపాలి. అది ఇండియాకి వచ్చిన మూడు నెలల్లోపు జిల్లా రిజిస్ట్రార్ ఆఫీసులో స్టాంపు డ్యూటీ కట్టించాలి, ఈ మూడు నెలల రూలు స్టాంపుల చట్టంలోదే, కవరు బీరువాలో పెట్టి మర్చిపోకండి, వచ్చిన కవరు మీద తేదీ కనపడేలా దాచండి. రాయించేటప్పుడు "ఇల్లు కట్టుకోవడానికి కావాల్సినవన్నీ" అని గుండుగుత్తగా రాయించొద్దు, ప్లాన్‌కి అప్లై చేయడం, సెల్ఫ్ సర్టిఫికేషన్ మీద సంతకం పెట్టడం, రోడ్డుకు పోయే భాగం మున్సిపాలిటీకి రాసివ్వడం, బ్యాంకు లోను కాగితాలు, కరెంటు, నల్లా కనెక్షన్, ఇల్లు పూర్తయ్యాక తీసుకునే ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ (ఓసీ) అని పేరుపేరునా రాయించండి. అమ్మే అధికారం అందులో అక్కర్లేదు. ఆయన త్వరలో సెలవు మీద వస్తున్నట్టయితే ఇదంతా లేకుండా ఆయనే వచ్చినప్పుడు చేసుకోవడం సులువు, ఈలోగా మిగతా కాగితాలు తయారు చేసి పెట్టుకోవచ్చు.

ప్లాన్ అతను. మీకు కావాల్సింది లైసెన్స్ ఉన్న టెక్నికల్ పర్సన్, ఎల్‌టీపీ అంటారు, లేదంటే కౌన్సిల్ ఆఫ్ ఆర్కిటెక్చర్‌లో రిజిస్టరైన ఆర్కిటెక్ట్. మున్సిపల్ ఆఫీసు ముందు జిరాక్స్ సెంటర్ దగ్గర కూర్చుని ప్లాన్లు తెచ్చిపెట్టేవాళ్లు వేరే, వాళ్లు ఇంకెవరిదో లాగిన్‌తో వేరేవాళ్ల సంతకం వేయిస్తారు, ఆ సంతకం పెట్టినాయన మీ ప్లాట్ ఎప్పుడూ చూసి ఉండడు. మీ అతన్ని లైసెన్స్ నంబర్ అడగండి, ఎవరి పేరు మీద అప్‌లోడ్ అవుతదో అడగండి, ఆ మనిషి ఒకసారైనా సైట్‌కి రావాలని చెప్పండి. రోడ్డు 30 అని రాద్దాం అన్నవాడితో అయితే పని చేయించుకోకండి, అక్కడ అబద్ధం చెప్పినవాడు స్లాబులో ఇనుము దగ్గర కూడా చూసీ చూడనట్టే పోతాడు. ఇక ఆ "అన్నీ కలిపి ఒకటే మొత్తం" సంగతి. అతని ఫీజు వేరే, ప్రభుత్వ ఫీజు వేరే. ప్రభుత్వానికి కట్టేది ఎంతైనా పోర్టల్‌లోనే కనపడతది, పోర్టల్‌లోనే కట్టాలి, రసీదు మీ ఫోన్‌కే వస్తది. ఆ పోర్టల్ మొన్నటిదాకా టీజీ-బీపాస్ పేరుతో ఉండేది, 2025లో బిల్డ్‌నౌ తెచ్చారు, అప్లికేషన్‌లో మీ సొంత ఫోన్ నంబరే ఇవ్వండి, అతనిది ఇవ్వొద్దు, నంబర్ ఎవరి దగ్గరుంటే ఫైలు వాళ్ల చేతిలో ఉన్నట్టే. ఆఫీసు ఖర్చులు అని విడిగా అడిగితే ఎవరికి, దేనికి, రసీదు ఏది అని నెమ్మదిగా అడగండి, నోరు మూతపడతది. ఎవరైనా ఉద్యోగి నేరుగా లంచం అడిగితే ఏసీబీ టోల్ ఫ్రీ 1064 ఉంది, ప్రభుత్వ టీచర్ కాబట్టి భయపడాల్సింది మీరు కాదు.

ఎత్తు గురించి ఒక్కటి గుర్తుపెట్టుకోండి, 7 మీటర్లు. 200 చదరపు మీటర్ల లోపు ప్లాట్‌లో సొంత ఇల్లు 7 మీటర్ల ఎత్తు లోపుంటే కట్టే ఏరియాలో పదో వంతు మున్సిపాలిటీకి మార్ట్‌గేజ్ చేసే పని ఉండదు. 7 మీటర్లంటే 22 అడుగుల 11న్నర అంగుళాలు. బేస్‌మెంట్ ఎత్తు రెండడుగులు, ఒక్కో ఫ్లోరు పదిన్నర అడుగులు అని మేస్త్రి అన్నాడంటే మొత్తం 23 అయ్యింది, అర అంగుళంతో గీత దాటేశారు. ఫ్లోరు పది అడుగుల మూడు అంగుళాలు పెట్టుకుంటే హాయిగా లోపలుంటారు, ఇంట్లో తేడా కూడా తెలీదు. మీరు లోను తీసుకోబోతుంటే ఇది ఇంకా ముఖ్యం, బ్యాంకు తనకు మొదటి తాకట్టు కావాలంటది, మున్సిపాలిటీకి ఒక ముక్క మార్ట్‌గేజ్ అయ్యుంటే ఆ మేనేజర్‌కి సర్దిచెప్పడం తలనొప్పి. తర్వాత ఎప్పుడైనా పైన పెంట్‌హౌస్ వేద్దాం అనే ఆలోచన ఉంటే ఇప్పుడే ఎల్‌టీపీకి చెప్పండి, స్లాబు మీద ఊచలు వదిలేసి తర్వాత చూద్దాం అనే పద్ధతి వద్దు.

సెట్‌బ్యాక్‌లోకి బాల్కనీ రాకూడదు, సన్‌షేడ్ వరకు వేరే. మేస్త్రిలు "మూడడుగులు వదిలాం కదమ్మా పైన రెండడుగులు బయటికి తీద్దాం, రూము పెద్దదవుతది" అంటారు, పోస్ట్ వెరిఫికేషన్‌లో దొరికేవన్నీ ఇవే. పక్క సెట్‌బ్యాక్‌ల్లో పది శాతం దాకా తేడా వస్తే ఫైన్ కట్టించుకొని వదిలే అవకాశం రూల్స్‌లో ఉంది, ముందు వైపుకి అది లేదు, మీటరులో పది శాతం అంటే నాలుగంగుళాలు, అంతకంటే ఎక్కువ జారితే కష్టం. ప్లాస్టరింగ్ మందం కూడా లెక్కలోకి వస్తది కాబట్టి గోడ ఇటుక పని దగ్గరే రెండంగుళాలు లోపలికి పెట్టించండి. ముందు నుంచి 11 కేవీ లైను పోతుంటే మీ ఇంటి దగ్గరి భాగం నుంచి పక్కకి కనీసం 3 మీటర్లు దూరం ఉండాలి, అది పిల్లల ప్రాణం సంగతి, రూలు లేకపోయినా పాటించాల్సిందే. ఇంకుడు గుంత ప్లాన్‌లో చూపించినదే కట్టండి. ఇంటి ఖర్చు చట్టంలో పెట్టిన పరిమితి దాటితే కార్మికుల సంక్షేమానికి ఒక శాతం సెస్ కూడా కట్టాలి, ఫీజులతో పాటే లెక్కేసుకోండి.

కాగితం వచ్చాక దాని మీద ఎంత గడువు ఉందో చూడండి, ఇలాంటి ఇళ్లకి సాధారణంగా మూడేళ్లు. పని మొదలుపెడుతున్నామని తెలియజేసి, పర్మిషన్ నంబర్‌తో ప్లాన్ కాపీ ఒకటి సైట్ దగ్గర అందరికీ కనపడేలా పెట్టండి, 2024 డిసెంబర్‌లో సుప్రీంకోర్టు కూడా కట్టుబడి జరిగినన్నాళ్లూ ఆమోదించిన ప్లాన్ సైట్‌లో ప్రదర్శించాలని చెప్పింది, అదే తీర్పులో కరెంటు, నీళ్ల కనెక్షన్లు ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ చూశాకే ఇవ్వాలని, బ్యాంకులు కూడా ఆ సర్టిఫికెట్ చూసుకోవాలని చెప్పింది. చిన్న ఊళ్లో ఓసీ ఎవరు తీసుకుంటారులే అనే మాట మీకు చాలామంది చెప్తారు. వినకండి, మీది 100 చదరపు మీటర్లు దాటిన ప్లాట్ కాబట్టి ఓసీ తీసుకోవాల్సిందే, ప్లాన్‌లో ఉన్నట్టే కడితే అది రావడానికి ఏ ఇబ్బందీ లేదు.

మీరు ఇప్పుడు చేయాల్సినవి వరసగా ఇవీ: టేపుతో రోడ్డు, భూభారతిలో సర్వే నంబర్, ఇరిగేషన్‌లో కుంట మ్యాప్, ఈ మూడూ బాగుంటేనే ఎల్ఆర్ఎస్ డబ్బు, దాంతో పాటే దుబాయ్ నుంచి పవర్ కాగితం, ఆ తర్వాతే ప్లాన్ అప్‌లోడ్. టౌన్ ప్లానింగ్ వాళ్లు రోడ్డు మధ్య గీత చూపించాక ఆ కొలత, ప్లాన్ డ్రాఫ్ట్ రెండూ నాకు రాయండి, అప్‌లోడ్ చేసే ముందు నేనొకసారి చూస్తా.